వేలికి గోడ

2018లో ఓ వారం పేపరు చదవగానే చేసిన మొదటి పని, మా మేస్త్రికి కబురంపడం.

"ఏం కట్టాలె సారూ?"

"గోడ. 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం."

"దేని సుట్టు?"

కుడిచేతి బొటనవేలు చూపించాను.

కొలత నాది కాదు. ఆ ఏడాది మార్చిలో అటార్నీ జనరల్ గారు సుప్రీంకోర్టుకు చెప్పింది. మన ఆధార్ వివరాలు అంతటి గోడల వెనక భద్రంగా ఉన్నాయని విని నేనూ నిశ్చింతగా నిద్రపోయాను. తీరా ఆ పేపరు చూస్తే, పెద్దపల్లి జిల్లాలో ఓ సిమ్‌ల వ్యాపారి ఆ గోడ జోలికే పోలేదు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో భూముల దస్తావేజులు తెరిచాడు. ఆధార్ నంబరుంది, పక్కనే వేలిముద్ర ఉంది. రబ్బరు స్టాంపులు చేసే మిషన్‌తో వేళ్లు తయారుచేసుకుని వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. దేశద్రోహమేమీ కాదు, సిమ్‌ల అమ్మకాల టార్గెట్టు.

మేస్త్రి నా వేలిని టేపుతో కొలిచాడు. "తొమ్మిదించుల గోడైతే లెక్క తెల్సు. గింత మందమంటే గోల్కొండ కిల్లనే. దర్వాజ యాడ పెట్టాలె?"

"దర్వాజా వద్దు."

"మరి సిమ్ముకు ఏలెట్ల పెడ్తరు? రేషను బియ్యానికో?"

నిజమే. సిమ్ముకో కిటికీ, బియ్యానికో కిటికీ, పింఛనుకో కిటికీ, బ్యాంకుకు రెండు. గీసుకుంటూ పోయి పెన్సిలు చెవిలో పెట్టుకున్నాడు. "సారూ, ఇది గోడ కాదు, జాలీ." కాసేపాగి అడిగాడు: "ప్లాటు రిజిస్ట్రీకి ఏలు వెట్టిన్రా?"

"పెట్టాను."

"ఇగ గోడెందుకు? ఏలు ఎప్పుడో బయటవడ్డది."

మాటవరసకు, అతని సిమ్ము సంగతడిగాను. "నా ఏళ్లు మిషన్ల పడలే సారూ. సిమెంటుకు గీతలన్నీ అరిగినయ్. మూడుసార్లు తిప్పి పంపిన్రు."

ఇక్కడ నాకు నవ్వు రావడం ఆగిపోయింది. ముప్పయ్యేళ్లుగా పక్కవాళ్ల ఇళ్లకు గోడలు కట్టిన వేలిని ఆ యంత్రం మనిషిది కాదంది. రబ్బరు ముక్కను మాత్రం దండం పెట్టి లోపలికి రమ్మంది! ఎవరు పెట్టమన్నారు ఈ వేలు? 2017 మార్చి 23న టెలికాం శాఖ, కోర్టు చెప్పిందంటూ, ఉన్న నంబర్లన్నిటికీ ఆధార్ ముద్ర వేయించమంది. మేమలా ఆదేశించలేదే అని 2018 ఏప్రిల్‌లో కోర్టే అంది. ఈలోగా కోట్లమంది దుకాణాల ముందు వరస కట్టి వేలు ఒత్తేశారు. తాళంచెవి పోతే తాళం మారుస్తాం. నాకున్నవి పదే వేళ్లు. వాటి ముద్రల్ని దస్తావేజుతో పాటు వెబ్‌సైట్‌లో ఆరేసిన అధికారి ఎవరు? ఎవరి వేలు ఎన్ని సిమ్‌లకు పనిచేసిందో ఆ వేలి సొంతదారుకు చెప్పే దిక్కేది? వ్యాపారిని పట్టుకున్నారు, సరే. తలుపు తీసి పెట్టినవాళ్లను?

మేస్త్రి అడ్వాన్సు తీసుకోలేదు. గేటు దగ్గర వెనక్కి తిరిగి, "వేరే పనుంటే ఫోన్ చెయ్యుండ్రి సారూ" అన్నాడు. "నా కొడుకు పేరు మీదున్న నంబరే."