వైరస్ కాదు మహాప్రభో!

టోటల్ తేడా వచ్చింది. కాలిక్యులేటర్ ఒకటి చెబుతోంది, ఎక్సెల్ షీటు ఇంకొకటి చెబుతోంది. ఇక ఆ తర్వాత ఏ ఆఫీసులోనైనా తంతు ఒకటే. పక్క సీటాయన తొంగిచూసి, "వైరస్ పడిందండీ" అని తేల్చేస్తాడు. సిస్టమ్స్ కుర్రాడొచ్చి స్కాన్ పెడతాడు. ఏమీ దొరకదు. దొరకలేదంటే వైరస్ లేదని కాదట, బాగా ముదిరిందట! "ఫార్మాట్ కొట్టేద్దామా సార్?" అంటాడు. తప్పున్నది ఫైల్లో, కొట్టేది విండోస్‌ని. ఫార్మాట్ అయ్యాక అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చి మళ్లీ అక్కడే పెడతారు. అదే తేడా అంతే దర్జాగా తిరిగొస్తుంది. మార్చి నెలాఖరులో ఈ భాగోతం చూసి చూసి విసుగెత్తి చెబుతున్న మాట ఇది: లెక్క తప్పిన షీట్లలో వైరస్ పాపం పిసరంత. మిగతాదంతా మనదీ, మన మేలు కోరి మనకంటే ముందే ఆలోచించేసే ఎక్సెల్‌దీ.

ఫైల్లోనే ఇమిడి నడిచే చిన్న ప్రోగ్రాములు మాక్రోలు. వాటిని పట్టుకు తిరిగే మాక్రో వైరస్‌లే లేవంటే కళ్లు పోతాయి. 1995లో వర్డ్ ఫైళ్లకు కాన్సెప్ట్ పట్టుకుంది, 1996లో ఎక్సెల్‌కు లారూ తగులుకుంది, 1999 మార్చిలో మెలిస్సా ఈమెయిళ్ల మీదెక్కి ప్రపంచమంతా తిరిగొచ్చింది. అయితే లారూ చేసిన ఘనకార్యమేమిటి? తన పేరుతోనే ఒక షీటు పెట్టి దాన్ని దాచేయడం, పర్సనల్ డాట్ ఎక్స్‌ఎల్‌ఎస్ అనే ఫైల్లో కాపురం పెట్టి, తెరిచిన ప్రతి వర్క్‌బుక్కులోకీ పాకడం. అంతే. కూడికల జోలికి పోలేదు. ఉన్నది మార్చేసేవి లేవా అంటారా? ఉన్నాయి. వాజూ అనే వర్డ్ వైరస్ మాటల్ని అటూ ఇటూ జరిపి, మధ్యలో తన పేరు ఇరికించేది. అవి ఆకతాయితనం రోజులు. ఇప్పుడు మాక్రోల వెనక ఉన్నవాళ్లకు కావలసింది డబ్బు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేసి లక్షలు గుంజుదామనుకున్నవాడు, మీ డీఏ బకాయిల కాలమ్‌లో పదిహేడు రూపాయలు తగ్గించి ముందుగానే మీకు అనుమానం తెప్పిస్తాడా? అసలు దొంగ చప్పుడు చేయడు. చప్పుడు చేస్తోందంటే అది ఇంటి మనిషే.

ఆ ఇంటి మనిషికి తేదీల పిచ్చి. ఎక్సెల్ అనేది ఏది కనిపించినా ముహూర్తం పెట్టేసే సిద్ధాంతి. హైదరాబాదులో ఇంటి నంబరు 5-9-22 అని కొట్టండి, 2022 సెప్టెంబరు 5 అని రాసుకుంటుంది. పొలం సర్వే నంబరు 12/3 అని కొట్టండి, మార్చి 12 అంటుంది. రైతు పొలం చూపించమంటే రోజు చూపిస్తుంది! పొరపాటు గమనించి ఆ సెల్‌ను టెక్స్ట్‌గా మారిస్తే సర్వే నంబరు తిరిగి రాదు, నలభై వేల పైచిలుకు అంకె ఒకటి ఊడిపడుతుంది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని అప్పటినుంచి రోజులు లెక్కపెడుతున్నాడు మన సిద్ధాంతి. ఆ లెక్కలోనూ ఒక దొంగ రోజుంది. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా ఎక్సెల్‌కు ఆ ఏడు ఫిబ్రవరి 29 ఉంది. అంతకుముందు రాజ్యమేలిన లోటస్ 1-2-3 ఆ తప్పు చేసింది కాబట్టి, దాని ఫైళ్లతో పేచీ రాకూడదని ఎక్సెల్ కూడా తెలిసి తెలిసి అదే తప్పు చేసింది. లేని రోజుకు ముహూర్తం పెట్టగల సిద్ధాంతి ఇంకెవరున్నారు? శాస్త్రవేత్తలూ ఈయన పాలబడ్డారు. మార్చ్1, సెప్ట్2 అని జన్యువులకు పేర్లుంటే, అవి మార్చి 1, సెప్టెంబరు 2 అయి కూర్చున్నాయి. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు. పేర్లను తేదీలుగా మార్చే ఈ అలవాటును ఆపే మీటను మైక్రోసాఫ్ట్ 2023లో ఇచ్చింది. అక్షరాలూ అంకెలూ కలిసిన పేర్లకు దానివల్ల మోక్షం దొరికింది గానీ, మన సర్వే నంబర్లకు ముహూర్తాలు తప్పలేదు.

"అయ్యా, ఒక ఫైలు తెరవగానే మిగతా ఫైళ్లు కూడా లెక్కలు మానేస్తున్నాయి, మర్నాటికి పక్క సీటుకూ అంటుకుంటోంది. ఇది వైరస్ కాకపోతే ఏమిటి?" అని అడిగేవారున్నారు. బలమైన వాదనే. కానీ ఎక్సెల్‌లో లెక్క కట్టే పద్ధతి ఆటోమేటిక్ అనీ మాన్యువల్ అనీ రెండు రకాలు. పొద్దున్నే మొదట తెరిచిన ఫైలు మాన్యువల్‌లో ఉంటే, ఆ పూట తర్వాత తెరిచినవన్నీ దాని దారే పడతాయి. అంకె మార్చినా టోటల్ కదలదు. సేవ్ చేస్తే ఆ గుణం వాటిలోనూ ఉండిపోతుంది. అలాంటి ఫైలు మెయిల్లో వెళ్లి, అవతలి మనిషి దాన్నే మొదట తెరిస్తే అక్కడా అదే కథ. వైరస్ లక్షణాలన్నీ ఉన్నాయి, వైరస్ మాత్రం లేదు. అప్పటికి మందు ఎఫ్9 మీట, అసలు మందు పద్ధతిని ఆటోమేటిక్‌కు మార్చడం. ఇంకో రకం కూడా చూడండి. వెబ్‌సైటు నుంచి కాపీ చేసి తెచ్చిన అంకెల వెనక కంటికి కనబడని ఖాళీ ఒకటి అంటుకొస్తుంది. అంకె అంకెలాగే ఉంటుంది, సెల్‌లో ఎడమవైపుకి ఒరిగి ఉంటుందంతే. సమ్ ఫార్ములా దాన్ని మాటగా లెక్కగట్టి వదిలేస్తుంది. ఖాళీలు తీసేసే ట్రిమ్ వేస్తారా? ఆ ఖాళీ మామూలు ఖాళీ కాదు, ట్రిమ్‌కు లొంగదు.

ఇంతవరకు నవ్వుకున్నాం గానీ, 2020లో ఇంగ్లండ్‌లో జరిగింది నవ్వే విషయం కాదు. కోవిడ్ కేసులను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. వాటిలో 65,536 వరసలే పడతాయి. మిగిలినవి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు లెక్కకెక్కలేదు. జబ్బుపడినవారికి ఫలితం చెప్పారు. వారితో తిరిగినవారికి మాత్రం అందాల్సిన వేళకు హెచ్చరిక అందలేదు. ఎవరూ వైరస్ పంపలేదు, ఎవరూ మోసం చేయలేదు. షీటు నిండిపోయింది, ఎవరూ కిందికంటా చూడలేదు. మనం "వైరస్" అనడంలో ఉన్న సుఖం అదేననిపిస్తుంది. ఆ మాట అన్నాక ఎవరూ ఆ షీటును మళ్లీ చదవనక్కర్లేదు.

అలాగని మాక్రోలకు తలుపులు బార్లా తెరవమనడం లేదు. తెలియని మెయిల్లో వచ్చిన ఫైలు "ఎనేబుల్ కంటెంట్" నొక్కమని బతిమాలితే నొక్కకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తనంతట తానే అడ్డుకోవడం మొదలుపెట్టింది, ఆ అడ్డు తీయకండి. టోటల్ తేడా వస్తే మాత్రం ముందు ఫార్ములాస్ ట్యాబ్‌లో లెక్క పద్ధతి మాన్యువల్ అని ఉందేమో చూడండి, ఎడమకు ఒరిగిన అంకెలు వెతకండి, కూడిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఆఖరి వరస దాకా వెళ్లి చూడండి. ఇవన్నీ అయ్యాకే సిస్టమ్స్ కుర్రాణ్ణి పిలవండి. ఫార్మాట్ మాత్రం కొట్టనివ్వకండి.