ఉందిగా గారు

ఈ మనిషికి వేరే పేరు అక్కర్లేదు. ఏదడిగినా ‘ఉందిగా’ అంటారు కాబట్టి ఉందిగా గారనే అందాం. గొడుగు కొనమంటే పోయినేడాదిది ఉందిగా, కొత్త పచ్చడి పెట్టనా అంటే ఫ్రిజ్‌లో ఉందిగా. అలాగని పిసినారి అనుకునేరు. కారు కొన్న రోజున చూడాలి ఆయన చెయ్యి. అంకెలు కూడితే తొమ్మిది రావాలని ఆర్టీఏ వారి వేలంలో పాట పాడతారు. గుడి ముందు పూజ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, పగలగొట్టడానికి ఓ గుమ్మడికాయ, ముందు బంపర్‌కి దిష్టి తాడు, సీట్లకి తొడుగులు, తొడుగులు మాయకుండా వాటి మీద తువ్వాళ్ళు. వీటిలో దేనికీ బేరమాడరు. ఏడాదికోసారి కారు బీమా రెన్యూవల్ చేసేటప్పుడు మాత్రం కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కుకి ఆనించుకుని ఒక్కో గీతా చదువుతారు. ‘యజమాని-డ్రైవరుకు వ్యక్తిగత ప్రమాద బీమా’ అన్నచోట వేలు ఆగుతుంది. పక్కన కొన్ని వందల రూపాయలు కనిపిస్తాయి. అప్పుడొస్తుంది ఆ మాట: “హెల్త్ ఇన్సూరెన్సు ఉందిగా!”

ఇది వద్దంటే వదిలేసే రకం బీమా కాదు, తప్పనిసరి. అందుకని ఫారం ఊరుకోదు, ఎందుకు వద్దో చెప్పమంటుంది. ‘నాకు ఇప్పటికే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది’ అని ఓ వాక్యం, దాని పక్కన ఓ చిన్న గడి. ఉందిగా గారు ఆ గడిలో నిశ్చింతగా టిక్కు పెడతారు. అబద్ధమాడుతున్నానన్న అనుమానం ఆయనకి లేశమైనా ఉండదు. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా ఆయన దృష్టిలో ఒకే దేవుడికి రెండు నామాలు. ప్రమాదం జరిగితే ఆస్పత్రికే కదా వెళ్ళేది, ఆస్పత్రికి కార్డు ఉంది కదా, మరి రెండోసారి డబ్బు పోయడం దేనికి? వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆయనతో వచ్చిన చిక్కే ఇది, ఆయన తప్పులన్నీ తర్కబద్ధంగా ఉంటాయి.

ఆ రెండు బీమాలూ ఏం చేస్తాయో చూస్తే తర్కంలో చిల్లు కనిపిస్తుంది. ఆరోగ్య బీమా ఆస్పత్రి బిల్లు కడుతుంది. కారు పాలసీలోని ప్రమాద బీమా ఆస్పత్రి గడపే తొక్కదు, కట్టుకట్టిన గుడ్డకి కూడా పైసా ఇవ్వదు. మనిషి పోతే ఇంటివాళ్ళకి 15 లక్షలు. రెండు కాళ్ళో రెండు చేతులో రెండు కళ్ళో పోయినా, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వచ్చినా అంతే. ఒక కాలో ఒక చెయ్యో ఒక కన్నో పోతే అందులో సగం. ఒకటి ఆస్పత్రికిచ్చే డబ్బు, ఇంకొకటి ఇంటికొచ్చే డబ్బు. రెంటికీ మధ్య ఒక్క రూపాయి కూడా ఉమ్మడి లేదు. 2018 దాకా ఈ మొత్తం కారుకి 2 లక్షలు, స్కూటరుకి లక్షే. ఇది ఏ మూలకని 2017లో మద్రాసు హైకోర్టు ప్రశ్నించాకే, 2018 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ అన్ని రకాల బళ్ళకీ ఒకేలా 15 లక్షలు చేసింది. 2022 ఒక్క ఏడాదిలో మన రోడ్ల మీద 1,68,491 మంది పోయారని, 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ గాయపడినవాళ్ళందరికీ ఆరోగ్య బీమా ఉందనే అనుకుందాం. డిశ్చార్జి రోజున బిల్లు తీరుతుంది. ఆ మర్నాటి నుంచి మూతపడిన దుకాణం, పిల్లల ఫీజు, ఏ కారులో దెబ్బ తగిలిందో ఆ కారు వాయిదా, వీటికి ఏ క్యాష్‌లెస్ కార్డూ పనికిరాదు.

ఈ మాట చెబితే ఆయన తగ్గరు. “థర్డ్ పార్టీ ఉందిగా, అది ఎలాగూ కడుతున్నాం కదా” అంటారు. పేరులోనే జవాబుంది స్వామీ! బీమా కంపెనీ ఒకరు, మీరొకరు, మూడోవాడు బయటివాడు. మీ కారు ఎవరినైనా గుద్దితే వాళ్ళకిచ్చే సొమ్ము అది. సొంత కారులో యజమాని మూడో మనిషి కాడని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, పలుసార్లు చెప్పింది. ఎదుటి బండివాడిదే తప్పయితే వాడి బీమా మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, కాదనను. తప్పు రుజువు కావాలి, వాయిదాలు తిరగాలి, అయినా దారంటూ ఒకటుంది. కానీ సంక్రాంతికి విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దాటాక, పోయిన టైము రాబట్టుకుందామని తొక్కి, డివైడర్‌కి కొట్టారనుకోండి. డివైడర్‌కి బీమా ఉండదు. అడ్డొచ్చిన గేదెకీ ఉండదు. అప్పుడు ఎవరి మీద కేసు వేస్తారు? “ప్రభుత్వమే ఉచితంగా వైద్యం చేయిస్తోందటగా” అన్నది ఆయన తర్వాతి బాణం. నిజమే, 2025 మే నుంచి ఆ పథకం ఉంది, మంచి పథకం. ప్రమాదం జరిగిన నాటినుంచి 7 రోజులు, లక్షన్నర దాకా. అదీ ఆస్పత్రికి పోయే డబ్బే. ఇక టర్మ్ పాలసీ ఉందిగా అంటారు. మామూలు టర్మ్ పాలసీ మనిషి పోతేనే పలుకుతుంది. చెయ్యి పోయి మనిషి మిగిలితే, దాని లెక్కలో ఏమీ పోనట్టే.

న్యాయంగా మాట్లాడితే, ఆయన మాట అన్నిచోట్లా తప్పు కాదు. కారు పాలసీతో పాటు వైద్య ఖర్చులకని అంటగట్టే చిన్నా చితకా అదనాలున్నాయి. ఇంట్లో చాలినంత ఆరోగ్య బీమా ఉన్నవాడికి అవి దండగే. ఒకే బిల్లుని రెండు కంపెనీల చేత రెండుసార్లు కట్టించుకుని లాభపడలేం. అక్కడ ఉందిగా గారు ‘వద్దు’ అంటే నేను చప్పట్లు కొడతాను. అంతెందుకు, 15 లక్షల ప్రమాద బీమా విడిగా ఉన్నవాళ్ళు కారుతో మళ్ళీ తీసుకోనక్కర్లేదని 2019 జనవరి నుంచి నియంత్రణ సంస్థే మినహాయింపునిచ్చింది. అంటే ‘ఉందిగా’ అన్న సూత్రాన్ని సాక్షాత్తూ నియంత్రణ సంస్థ వారే ఒప్పుకున్నారు. ఉన్నదేమిటో చూసి ఆ మాట అనమన్నారు, అంతే. ఈయన ఆ సగం చదవలేదు. పాలసీ కాగితం మొదటి పేజీ దాటి చదివే అలవాటు నాకూ లేదు, అందుకే ఈయన నాకింత బాగా అర్థమవుతారు.

అసలు తమాషా ఇంకోటుంది. ఎన్నో ఇళ్ళలో కారు భార్య పేరు మీద ఉంటుంది. ఆవిడ పేరు కలిసొస్తుందని సిద్ధాంతి గారు చెప్పి ఉంటారు, లేదా బ్యాంకువాళ్ళు ఆడవాళ్ళకి వడ్డీ కాస్త తగ్గించి ఉంటారు. నడిపేది మాత్రం ఈయనే. ఈ తప్పనిసరి బీమా వర్తించాలంటే ఆ మనిషి పేరే ఆర్‌సీలో, పాలసీలో ఉండాలి, చెల్లే లైసెన్సూ ఉండాలి. అంటే స్టీరింగు పట్టుకున్న ఈయనకి రాదు. ఆవిడకి లైసెన్సు లేకపోతే ఆవిడకీ రాదు. ఇలాంటి ఇంటికి సరిపడేది కారుతో ముడిపెట్టని విడి ప్రమాద బీమా. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ ‘సరళ్ సురక్షా బీమా’ పేరుతో ఒకే నమూనా పాలసీ అమ్ముతున్నాయి. రెండున్నర లక్షల నుంచి కోటి దాకా తీసుకోవచ్చు. ఆర్‌సీ ఎవరి పేరున ఉన్నా, ఆర్టీసీ బస్సులో వెళ్ళినా, స్నానాలగదిలో జారినా అది వర్తిస్తుంది. ఆ పాలసీ కొన్న రోజున ఉందిగా గారు ఫారంలో టిక్కు పెడితే అది నిజమైన టిక్కు.

కారు పాతబడ్డాక ఈయన ఇంకో పొదుపు చేస్తారు. డెంట్లు పడ్డ బండికి పూర్తి బీమా ఎందుకని ఒట్టి థర్డ్ పార్టీకి దిగుతారు. ప్యాకేజీ పాలసీ అనే ఆ పూర్తి బీమా అయితే కారులో కూర్చున్నవాళ్ళకి కూడా కంపెనీ బాధ్యత ఉంటుందని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఒట్టి థర్డ్ పార్టీలో ఆ ధీమా లేదు. బంపర్ ఖర్చు మిగిలిందని ఈయన సంబరపడుతుంటారు, వెనక సీట్లో అత్తగారు వత్తులు చేసుకుంటుంటారు. ఇంత చేసినా ఈయన్ని కోప్పడబుద్ధి కాదు. అపార్టుమెంటులో ఎవరికి దెబ్బ తగిలినా అర్ధరాత్రయినా అందరికన్నా ముందు కారు తీసేది ఈయనే. ఆస్పత్రి ఇన్సూరెన్సు డెస్కు దగ్గర గంటలకొద్దీ నిలబడి, గ్లవుజులకీ కాటన్‌కీ డబ్బు కోశారేమని పరాయివాళ్ళ బిల్లు మీద వాదించేదీ ఈయనే.

ఇన్నేళ్ళలో ఈయన పేర అచ్చమైన ప్రమాద బీమా ఒక్కటి ఉండేది. ప్రధానమంత్రి సురక్షా బీమా అని, ఏడాదికి 20 రూపాయలు, పోతే 2 లక్షలు. ఎప్పుడో బ్యాంకులో సంతకం పెట్టి మర్చిపోయారు. మే నెలాఖరున పాసుబుక్కులో ఆ 20 రూపాయల కోత కనిపించింది. వెంటనే బ్యాంకుకి వెళ్ళి, హెల్త్ ఇన్సూరెన్సు ఉందిగా అని చెప్పి, దాన్ని ఆపించేసి వచ్చారు.