మద్దెల అటకెక్కించిన ఆటగాడు

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడంటే అర్థం చేసుకోవచ్చు. ఆడగలిగినవాడు, పైగా ఆ ఆట తన పెరట్లోనే పుట్టిందని చెప్పుకునేవాడు, పందిరి తనే వేసి, దేశదేశాలకు శుభలేఖలు పంచి, తీరా గజ్జె కట్టే వేళకు మద్దెల అటకెక్కించి ముందు వరుసలో కుర్చీ వేసుకుంటే ఏమనాలి? మనమైతే వేళాకోళం అంటాం. ఆస్ట్రేలియాలో ఇంటర్నేషనల్ కప్ అన్నారు.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో జాతీయ జట్ల పోటీ అది. 2002లో 11 దేశాలతో మొదలై, మూడేళ్ళకోసారి చొప్పున 2017 దాకా ఆరుసార్లు జరిగింది. ఐర్లాండ్ వచ్చింది, న్యూజిలాండ్ వచ్చింది, జపాన్, కెనడా, అమెరికా వచ్చాయి. దేశ జనాభా అంతా కలిపినా మన మండలమంత లేని నౌరూ కూడా వచ్చింది. 2008 నుంచి మన దేశమూ వెళ్ళింది. రానిది ఒక్క ఆస్ట్రేలియానే. పెళ్ళి వాళ్ళింట్లోనే, విడిది వాళ్ళదే, భజంత్రీలూ వాళ్ళవే. పీటల మీద మాత్రం పెళ్ళికొడుకు లేడు.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. చలికాలంలో క్రికెటర్ల ఒళ్ళు బద్ధకించకుండా ఏదో ఒక ఆట ఉండాలని టామ్ విల్స్ అనే క్రికెటర్‌కు తోచింది. 1859లో ఆయన, మరికొందరు మెల్‌బోర్న్‌లో కూర్చుని నిబంధనలు రాశారు. ఇప్పటికీ ఆడేది క్రికెట్ మైదానాల్లోనే. జట్టుకు 18 మంది, కోలగా ఉండే బంతి, రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలు. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి తంతే 6 పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోతే సున్నా అనుకుంటున్నారు కదూ? కాదు, 1 పాయింటు. దాన్ని ‘బిహైండ్’ అంటారు. గురి తప్పినవాణ్ణి కూడా ఉత్త చేతులతో పంపని దయగల ఆట. ఈ ఒక్క పాయింటును గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని పడుతుంది.

మరి మీరెందుకు ఆడరయ్యా అంటే జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ ఆటను వృత్తిగా చేసుకున్నవాళ్ళంతా మా లీగ్‌లోనే ఉన్నారు, మేం దిగితే మిగతావాళ్ళు నిలవలేరు, కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళను చితక్కొట్టడం ధర్మం కాదు అని. ఎంత మెత్తని మనసు! అన్నప్రాసన నాడే ఆవకాయ ఎందుకని కాబోలు. బాగానే ఉంది గానీ, 2002లో అన్నప్రాసన అయిన పిల్లవాడికి 2017 నాటికి మీసాలొచ్చాయి. ఇంకా ఉగ్గే పోస్తున్నారు. ఆ కప్పును పాపువా న్యూ గినీ మూడుసార్లు, ఐర్లాండ్ రెండుసార్లు, న్యూజిలాండ్ ఒకసారి గెలిచాయి. ఆవకాయ కలిపి పెడితే కంచం నాకే వయసు వాళ్ళది.

అయినా కోటీశ్వరులైన వీరులనే పంపమని ఎవరడిగారు? పగలంతా గోడలకు రంగులేసి, శనివారం వాడకట్టు క్లబ్బు తరఫున బంతి తన్నే కుర్రాళ్ళకు మెల్‌బోర్న్ శివార్లలో కొదవా? వాళ్ళలో పద్దెనిమిది మందిని ఏరి దేశం జెర్సీ తొడిగితే సరిపోయేది. అదీ చెయ్యలేదు. గెలిస్తే గొప్ప లేదు, ఓడితే పరువు లేదు. ఆడకపోతే రెండూ పదిలం.

అలాగని వాళ్ళకు దేశం పేరున జట్టే లేదనుకునేరు. ఉంది. ఏటా లీగ్‌లోని మేటి ఆటగాళ్ళను ‘ఆల్ ఆస్ట్రేలియన్’ జట్టుగా ఏరి, కోట్లు తొడిగి, వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. ఆ జట్టుకు మ్యాచ్ మాత్రం ఉండదు. అచ్చం మన బొమ్మల కొలువే, పేరంటాళ్ళు వచ్చి చూసి వెళ్ళాలి అంతే. ఐర్లాండ్‌తో అప్పుడప్పుడు తలపడ్డారు గానీ, అది సగం వాళ్ళ ఆట, సగం వీళ్ళ ఆట కలిపి గుండ్రటి బంతితో ఆడేది. పులిహోరలో పెరుగు పోసుకున్నట్టు.

అసలు ఒక ఆట ఎప్పుడు అంతర్జాతీయమవుతుంది? దాన్ని పుట్టించినవాడు పరాయివాడి చేతిలో ఓడినప్పుడు. ఈ పాఠం లోకానికి చెప్పిందే ఆస్ట్రేలియా. 1877లో మొట్టమొదటి టెస్టు మ్యాచ్‌లో ఇంగ్లండ్‌ను 45 పరుగుల తేడాతో ఓడించింది. మరో ఐదేళ్ళకు లండన్ వెళ్ళి మరీ ఓడిస్తే, ఇంగ్లిష్ క్రికెట్ కాలం చేసిందని స్పోర్టింగ్ టైమ్స్ పత్రిక ఉత్తుత్తి సంతాప ప్రకటన వేసింది. ఆ చితి బూడిదలోంచే యాషెస్ సిరీస్ పుట్టింది. ‘పాపం పిల్లలు, మేం దిగితే తట్టుకోలేరు’ అని ఇంగ్లండ్ ఆనాడు పెవిలియన్‌లో టీ తాగుతూ కూర్చుని ఉంటే, ఆస్ట్రేలియా క్రికెట్‌కు ఇవాళ ఈ మీసం ఎక్కడిది? ఆ 1877 మ్యాచ్ జరిగింది మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో. 2014 ఇంటర్నేషనల్ కప్ ఫైనల్ జరిగిందీ అక్కడే. గోడలకు చెవులుంటాయంటారు, జ్ఞాపకాలు ఉండవు కాబోలు.

మన ముచ్చటా చెప్పుకోవాలి, లేకపోతే గురివింద గింజ సామెత నాకే తగులుతుంది. కబడ్డీలో ప్రపంచ కప్పు పెట్టి మనమే ఎగరేసుకుపోవడంలో మనమేం తక్కువ తినలేదు. కానీ బరిలోకి దిగి ఎగరేసుకుపోయాం. 2016లో అహ్మదాబాద్ ప్రపంచ కప్పు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 34-32తో మట్టి కరిపించింది. తర్వాత తేరుకుని కప్పు గెలిచామనుకోండి. నన్నడిగితే మాత్రం కబడ్డీ ప్రపంచానిదైంది కొరియా చేతిలో ఓడిన ఆ రాత్రే. అదే పోటీకి ఆస్ట్రేలియా కూడా వచ్చింది. కెప్టెన్ క్యాంప్‌బెల్ బ్రౌన్ ఎవరో కాదు, వాళ్ళ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడినవాడే. కూతకు కొత్తవాళ్ళు కదా అని మనం గీత బయట కూర్చోలేదు. 54-20తో ఓడించి పంపాం. అతిథికి చేసే మర్యాద అది.

2020లో జరగాల్సిన కప్పు కరోనాతో రద్దయింది, ఆ తర్వాత ఆ పేరుతో పందిరి లేవలేదు. డబ్బు లేక కాదు, ఆ పందిరి వేసింది 2025 నుంచి ఏడేళ్ళ ప్రసార హక్కులకు 450 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల ఒప్పందం కుదిరిన లీగే. ఆ కప్పు ఆడినవాళ్ళలో చాలామందేమో ఉద్యోగాలకు సెలవు పెట్టి, చేతి డబ్బు పెట్టుకుని వెళ్ళినవాళ్ళు.

మళ్ళీ ఎప్పుడైనా పెడితే ఒక్కటే మనవి. మద్దెల దించండి. పాపువా న్యూ గినీ కుర్రాళ్ళతో తలపడి, ఒక్కసారి ఓడి చూడండి. మర్నాడు మీ పత్రికలు మీ ఆటకు సంతాప ప్రకటన వేస్తే, ఆ పూటే దానికి ఆయుష్షు పోసినట్టు. అప్పటిదాకా మీ అంతర్జాతీయ ప్రతిభను మీ నిబంధనల ప్రకారమే లెక్క వేద్దాం. బంతి గట్టిగానే తన్నారు. నడిమి స్తంభాల మధ్య పడలేదు, పక్క సందులోంచి పోయింది. మీ ఆట దయగలది గనక, రాసుకోండి, ఒక పాయింటు.