నొచ్చుకునేవాళ్ళు లేని పరీక్ష

మర్యాదకు కూడా మిషన్లు మార్కులు వేస్తున్నాయి. మా పొన్నూరులో ఆస్ట్రేలియా వెళ్ళాలనుకునే పిల్లల నోట ఇప్పుడు పీటీఈ తప్ప వేరే మాట లేదు. పియర్సన్ కంపెనీ 2009లో మొదలుపెట్టిన ఇంగ్లీషు పరీక్ష అది. మాట్లాడేది మైకుతో, చాలావరకు మార్కులు వేసేది కంప్యూటరు. 2025 ఆగస్టు నుంచి అందులో ఒక కొత్త ప్రశ్న చేర్చారు. ఏదో ఒక సందర్భం చెబుతారు: పక్కింట్లో పాటల మోత, పుస్తకం పట్టుకెళ్ళి తిరిగివ్వని స్నేహితుడు, అలాంటివి. అక్కడ నువ్వుంటే ఏమంటావో 40 సెకన్లలో అనేయాలి. ఉచ్చారణ, ధారాళతతో పాటు మాట సందర్భానికి తగినట్టుందా లేదా అన్నదానికీ మార్కులుంటాయి.

మా తమ్ముడి మనవరాలు సాయంత్రాలు మా వసారాలో కూర్చుని ఫోనులో ఇదే సాధన చేస్తుంది. "ఆ పక్కింటాయన వయసెంతమ్మా? మనకు ఎన్నాళ్ళ పరిచయం? మొన్న మనింట్లో పెళ్ళికి మైకు పెట్టినప్పుడు ఆయన ఓర్చుకున్నాడా?" అని అడిగాను. "అవన్నీ ఉండవు తాతయ్యా. సారీ అని మొదలుపెట్టి, ప్లీజ్ అని ముగించమన్నారు కోచింగులో" అంది. అని, నాలుగు వాక్యాలు ఆపకుండా అప్పజెప్పింది. మోత పెట్టిన మనిషి కాదుగదా, ఏ మనిషీ ఆ మాటల్లో లేడు.

మా రోజుల్లో ఈ చదువు పేరంటం పిలుపులతో మొదలయ్యేది. ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని వీధి వీధంతా తిప్పేవాళ్ళు. "మా అమ్మ మిమ్మల్ని పేరంటానికి రమ్మంది" అని గుమ్మంలోంచే అరిచి పరుగెత్తితే ఆ ఇంటి పెద్దావిడ వెనక్కి పిలిచేది. "లోపలికి రా. కోడలికి వేరే చెప్పు, అత్తగారికి వేరే చెప్పు. ఇప్పుడు మళ్ళీ చెప్పు" అనేది. చెప్పిందాకా వదిలేది కాదు. బయల్దేరుతున్న వాళ్ళను "ఎక్కడికి?" అంటే వీపు మీద ఒకటి పడేది, "ఎందాకా?" అనాలి. అప్పు కోసం వచ్చినాయన కాలవ నీళ్ళ సంగతి, మినుముకు పట్టిన పల్లాకు తెగులు, గేదె ఈత, అన్నీ అయ్యాక లేచి చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అసలు సంగతి ఎత్తేవాడు. మా నాన్న "చూద్దాంలే" అనేవాడు. కుదరదని ఆ వచ్చినాయనకు తెలిసిపోయేది, పక్కనున్న పిల్లలకీ తెలిసిపోయేది. మళ్ళీ అడిగేవాడు కాదు, రాకపోకలు మానేవాడూ కాదు. ఆ "చూద్దాంలే"ని మిషను ఏ లెక్కలో వేస్తుంది? ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?

మర్యాద ఎదుటి మనిషిని బట్టి ఉంటుందని పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అన్నారు. పెనెలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ 1978లో రాసి 1987లో పుస్తకంగా వేసిన మర్యాద సిద్ధాంతానికి ఇంగ్లీషు, మెక్సికోలోని త్సెల్తాల్‌తో పాటు మన పక్కనున్న తమిళం ఆధారం. మాట ఎంత మెత్తగా ఉండాలన్నది ఇద్దరి మధ్య దూరాన్ని బట్టి, ఎవరిది పైచేయి అన్నదాన్ని బట్టి, అడిగే పని బరువును బట్టి ఉంటుందన్నారు. ఒకటి రెండు ముక్కల్లో చెప్పిన సందర్భంలో ఈ మూడూ ఎంతవరకు ఇముడుతాయి?

మిషను మర్యాద నేర్చుకునే పద్ధతి కూడా చెప్పాలి. ముందు మనుషులు వేలకొద్దీ జవాబులు విని మార్కులు వేస్తారు. ఆ మార్కుల్ని చూసి, ఎలాంటి జవాబుకు ఎంత వేయాలో అది పోల్చుకుంటుంది. అంటే ఎక్కడో కూర్చున్న ఎవరి చెవికో ఇంపుగా వినిపించిందే అందరికీ మర్యాద అవుతుంది. బట్టీ జవాబులు పట్టుకోవడానికి ఇప్పుడు పీటీఈలో కొన్ని ప్రశ్నలకు మనుషుల్ని కూడా పెట్టారు. టోఫెల్ అనే ఇంకో ఇంగ్లీషు పరీక్ష వాళ్ళు కూడా 2019లో మాట్లాడే పరీక్షకు మిషన్ను తెచ్చినప్పుడు మనిషినీ మిషన్నూ కలిపే వాడారు. మనిషి లేకుండా కుదరలేదు మరి.

ఉచ్చారణ దిద్దడంలో ఫోను మంచిదే, కాదనను. ఎస్సెస్సెల్సీ దాకా మేం ఇంగ్లీషు రాశాంగానీ నోరు తెరిచింది లేదు, తెరిస్తే క్లాసంతా నవ్వేది. ఈ పిల్ల నూరుసార్లు తప్పు పలికినా ఫోను నవ్వదు.

మా రోజుల్లో అంతా బంగారమనీ అనను. ఆసామి పదేళ్ళ కొడుకు అరవయ్యేళ్ళ పాలేరును "ఒరేయ్" అనేవాడు, ఆ పెద్దాయన "అయ్యా" అనేవాడు. దాన్ని కూడా మర్యాద కిందే జమకట్టారు. అది పెత్తనం. పోయింది, పోవలసిందే. కానీ అది పోయిందీ మనుషుల వల్లే. ఒక తరం పిల్లలు పట్నంలో చదువుకుని వచ్చి "మా నాన్నను ఒరేయ్ అనొద్దు" అని ఎదురుగా నిలబడి చెప్పారు. విన్నవాళ్ళ ముఖాలు మాడాయి, ఆ తర్వాత నోళ్ళు మారాయి. ఏ మార్కుల పట్టికా ఆ పని చేయలేదు.

రేపు తెలుగుకు కూడా ఇలాంటి మిషను వస్తే ఏం చేస్తుందో తలుచుకుంటే దిగులేస్తుంది. "మీరు"కు ఎక్కువ, "నువ్వు"కు తక్కువ వేస్తుందా? మా ఇళ్ళల్లో అమ్మమ్మను నువ్వనే అంటాం, అందులో చనువే ఉంది. నలభయ్యేళ్ళు "ఏరా" అని పిలిచిన నేస్తం ఒకరోజు ఉన్నట్టుండి "మీరు చెప్పండి" అన్నాడంటే మనసు విరిగిందని అర్థం. చెంపదెబ్బ కూడా అంత గట్టిగా తగలదు. అది తగలాలంటే ఎదుట మనిషుండాలి.

మా ఊళ్ళో వెలిసిన దేవుడు సాక్షి భావనారాయణస్వామి. ఇచ్చిన మాట తప్పినవాడి ముందు సాక్ష్యం చెప్పడానికి స్వామే వచ్చాడని స్థలపురాణం. మాటన్నాక విన్నవాడొకడు ఉండాలని ఈ ఊరికి వేరే చెప్పాలా? పేరంటానికి పిలిచినప్పుడు ఆ పెద్దావిడ నా తప్పు పట్టుకుందంటే నా మాట ఆమెకు తగిలింది కాబట్టే. దిద్దింది కూడా ఆమే. ఫోను 40 సెకన్లు వింటుంది, నొచ్చుకోదు. నొచ్చుకోని దానికి ఎదుటివాడి నొప్పి మీద తీర్పు చెప్పే హక్కెక్కడిది?

కోచింగు నడిపే అబ్బాయిలను నేను అడిగేది ఒకటే. ఫోను ముందు కూర్చోబెట్టే గంటలో సగం తీసి పిల్లల్ని ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు ఇంటావిడ, ఒకరు రెండు నెలల అద్దె బాకీ ఉన్న పిల్ల. ఇంగ్లీషులోనే మాట్లాడించండి. అయ్యాక ఇంటావిడగా కూర్చున్న పిల్లను అడగండి, ఇంకో నెల గడువు ఇవ్వబుద్ధయిందా లేదా అని. మార్కు ఆ పిల్లనే వేయనివ్వండి.