పార్టీ లేచిపోయింది!

సూరత్‌లో పెళ్ళికి రమ్మని మా బావ పిలిచాడు. చిరునామా చూస్తే అల్థాన్‌లో ఏదో ‘పార్టీ ప్లాట్’. ప్లాట్ అనగానే నూటయాభై గజాలు, పార్టీ అనగానే కొనేవాడు గుర్తొచ్చే తెలుగువాణ్ణి. పెళ్ళి పేరు చెప్పి స్థలం అంటగడతారేమోనని జేబు అదిమి పట్టుకునే వెళ్ళాను. తీరా చూస్తే పచ్చిక, షామియానా, దీపాలు. గుజరాత్‌లో పార్టీ ప్లాట్ అంటే పెళ్ళిళ్ళకూ గర్బాకూ అద్దెకిచ్చే మైదానమట. మన దగ్గర పార్టీ అంటే ముందు వెతికేది సీసా. 1960లో రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ మద్యనిషేధం ఉన్న ఈ నేలమీద మైదానమంతా పార్టీయే, చేతిలో మాత్రం మజ్జిగ.

బావది సిరిసిల్ల. ఎన్నో పద్మశాలి కుటుంబాల్లాగే మగ్గాన్ని నమ్ముకుని సూరత్ వచ్చాడు. ఆ రోజు ముద్ద దిగడం లేదతనికి.

“పార్టీ లేచిపోయింది బామ్మర్దీ.”

“ఎవరితో?”

“ఎవలితోని ఏంది? నా పైసలతోని!”

గుజరాతీలో ‘ఉఠమణుం’ అంటే పోయినవారి కోసం పెట్టే సంతాప సభ. సూరత్ బట్టల బజారులో సరుకు అప్పు తీసుకుని, దుకాణానికి తాళం వేసి మాయమవడాన్నీ అదే మాటతో పిలుస్తారు. పేరు సరిగ్గానే కుదిరింది. కాకపోతే పోయినవాడు హాయిగా ఉంటాడు, ఏడుపు అప్పిచ్చినవాడిది.

ఇంగ్లీషులో ఉన్న కచ్చితత్వం తెలుగులో ఎక్కడిదని మన పెద్దమనుషులు పెదవి విరుస్తారు. కచ్చితత్వం చూడండి మరి. కక్షిదారు, బేరగాడు, బాకీదారు, పక్షం, విందు... అందరికీ ఉద్వాసన చెప్పి ఒక్క పార్టీని కూర్చోబెట్టాం. వకీలు గారికి ఫీజు ఎగ్గొట్టినవాడు పార్టీ. మన బండి కింద పడి కాలు విరిగినవాడు బీమా కాగితంలో థర్డ్ పార్టీ. స్థలాల బ్రోకరు దగ్గర ఎప్పుడూ ‘రెడీగా ఉండే’ పార్టీ మాత్రం దేవుడి లాంటిది, నమ్మాలే గాని కనబడదు. ఇక ఎమ్మెల్యేల సంగతి. ఫిరాయింపుల నిషేధమంటూ 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు తగిలించారు. మన భాష దాన్నీ గట్టెక్కించగలదు: “పార్టీ మారలేదండీ, పార్టీకి వెళ్ళానంతే. చలిగా ఉందని ఎవరో కండువా కప్పారు.”

ఇదంతా భాషాదారిద్ర్యం అనుకుంటే పొరపాటు. ఇది ఏర్పాటు. మన వ్యాకరణాన్నే అడగండి. ‘పారిపోయాడు’ అంటే వాడొక మనిషి, వాడికో ఇల్లుంటుంది, పట్టుకోవచ్చు. ‘పార్టీ పారిపోయింది’ అన్నామా, మహద్వాచకం కాస్తా అమహత్తయిపోయింది. కరెంటు పోయింది, బస్సు పోయింది, పార్టీ పోయింది. కరెంటు మీద కేసెవరు పెడతారు? ఈ మాటకు లాటిన్ మూలం పంచడం, విడగొట్టడం. మనమూ పంచుతూనే ఉన్నాం. లాభం వచ్చినప్పుడు ఫలానా సేఠ్ గారు, నష్టం వచ్చినప్పుడు పార్టీ.

చట్టం లేదా అంటే ఉంది. చిన్న పరిశ్రమల సరుకు కొన్నవారు ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటనివ్వకుండా సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. 2024 ఏప్రిల్ నుంచి, గడువులో చెల్లించని బాకీని, చెల్లించేదాకా ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవడమూ కుదరదు. ఆ 2006 చట్టంలో బాకీ పడ్డవాడు ‘కొనుగోలుదారు’. పార్టీ కాదు.

“ఇంతకీ వాడి పేరేంటి బావా?” అన్నాను.

“బిల్లు మీద దుకాణం పేరుంది. మనిషిని దలాల్ తెచ్చిండు. అందరం పార్టీ అనే అన్నం.”

బావ బాకీ ఇప్పటికీ రాలేదు. మీ ఖాతా పుస్తకం ఓసారి తీసి చూడండి. పార్టీ అని రాసి ఉన్న చోటల్లా కొట్టేసి, మనిషి పేరూ ఇంటి చిరునామా రాయండి. అవి దొరకవంటే, సరుకు బండి ఎక్కించకండి.