కప్పు దాతలకే చెందును

2022వ సంవత్సరము ఆగస్టు నడుమ, గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి చేలలో రైతులు పత్తిసాళ్ళ మధ్య గుంటకలు తోలుకొనుచు, వెనుకటి యేడు మిరపతోటలను నల్లతామర పురుగు పీల్చి పిప్పిచేసిన బాధను దిగమ్రింగి, అప్పులవారి అనుమతితో మరల మిరపనారు నాటుటకు సాహసించుచున్న దినములలో, కలకత్తా సాల్ట్‌లేక్ క్రీడాంగణమున డ్యూరాండ్ కప్పు 131వ పోటీలు ప్రారంభమైనవి. ఆ సంగతి మన ప్రాంతమున తెలిసినవారు బహు తక్కువ; తెలియనందుకు చింతించినవారు అంతకంటెను తక్కువ. మనకు క్రికెట్టు కలదు, సినిమా కలదు, ఎన్నికలు కలవు. ఇవి మూడును లేని దినమున మిర్చియార్డులో తేజ రకము ఎంత పలికినదను చర్చ కలదు. ఇరువదియిద్దరు ఒక బంతిని తన్నుచు పరుగులిడుటలో చూడదగినదేమున్నదని ప్రశ్నించుటకు మనకు తీరికయు, ఆ ప్రశ్నకు జవాబు వినకుండుటకు హక్కును పుష్కలముగా నున్నవి. అయినను ఆ పోటీల వృత్తాంతము నాద్యంతము చదివినమీదట, అందలి పాత్రలన్నియు నాకు మన తిరునాళ్ళలో ఎక్కడనో చూచినవారివలెనే కనబడుటచేత, ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట దాతను స్మరింపవలెను. మన సభలలో అదియే ఆచారము. సర్ హెన్రీ మార్టిమర్ డ్యూరాండ్ అను దొర, భారత ప్రభుత్వమునకు విదేశాంగ కార్యదర్శిగా నుండి, 1888లో సిమ్లా కొండమీద ఈ కప్పును నెలకొల్పెను. ఆసియాఖండమున ఇంత పాతకాలపు ఫుట్‌బాల్ పోటీ మరియొకటి లేదని చెప్పుదురు. ఐదేండ్ల పిమ్మట, 1893లో, ఈ దొరయే కాబూలునకు పోయి, అఫ్ఘన్ అమీరుతో ఒడంబడిక చేసికొని, కొండలమీదుగా ఒక సరిహద్దు గీత గీసెను. ఆ గీతను అఫ్ఘనులు నేటికిని ఒప్పుకొనలేదు. దానికిరువైపుల తుపాకుల మ్రోత నేటికిని ఆగలేదు. కాని గీతకు మాత్రము పేరు డ్యూరాండ్ గీతయే, కప్పునకు పేరు డ్యూరాండ్ కప్పే. తొలియేట ఆ కప్పు గెలిచిన పటాలమేదని అడిగినచో చెప్పగలవారెందరు? రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ అని నేనును పుస్తకములు తిరుగవేసి చెప్పవలసినదే. గెలిచినవాడు ఆ సాయంకాలమునకు విజేత, ఇచ్చినవాడు ఆచంద్రార్కము విజేత. ఈ పరమ రహస్యము మన జిల్లాలలో దేవాలయపు సీలింగు ఫ్యానునకు సైతము తెలియును: గాలి ఎవరికి తగిలినను, రెక్కమీద తిరుగునది దాతగారి పేరే.

యార్డులో కమీషను వ్యాపారము చేయు మిత్రునొకనితో ఈ పోటీలను గూర్చి ముచ్చటించితిని. జట్లెన్ని, ఊళ్ళెన్ని, గోల్సెన్ని అను నా వివరణమునంతయు ఆయన, ఎదుట మిరప టిక్కీలు తూకము వేయుచున్న హమాలీలపై ఒక కన్ను వేసియే, మర్యాదకొరకు విని, చివరకు, “అదంతా సరేనండీ, ఇంతకీ మొదటి ప్రైజు ఎవరిది?” అనెను. బెంగుళూరు వారిదని చెప్పితిని. “గెలిచినోళ్ళ సంగతి నాకెందుకండీ? ఇచ్చింది ఎవరని అడుగుతున్నా” అని ఆయన విసుగుకొనెను. క్రీడాతత్త్వమును ఇంత సూక్ష్మముగా గ్రహించినవారిని ఢిల్లీలోనైనను చూడలేము.

ఢిల్లీ అనగానే మరియొక సంగతి. 2009 నుండి భారత ఫుట్‌బాల్ సమాఖ్య పీఠమునధిష్ఠించిన అధ్యక్షుడు, గడువు తీరినను ఎన్నికలు జరుగలేదను పవిత్ర కారణముచేత ఆ పీఠముననే కొనసాగుచుండగా, 2022 మే నెలలో సుప్రీంకోర్టు ఆయనను దింపి, పాలనకు ఒక కమిటీని నియమించెను. ప్రపంచ ఫుట్‌బాలునకు పెద్దదిక్కైన ఫీఫా దానిని బయటివారి జోక్యముగా భావించి, సరిగా డ్యూరాండ్ పోటీలు మొదలగు ఆగస్టు 16వ తేదీ తెల్లవారుసరికి, మన సమాఖ్యను సస్పెండు చేసితినని చాటించెను. ఆ సాయంకాలము, ఏమియు జరుగనట్లే, మహమ్మదన్ స్పోర్టింగ్ జట్టు నిరుటి విజేతయైన గోవాను 3-1 తేడాతో ఓడించెను. ఆటను నడిపించు పెద్దలు అంతర్జాతీయముగా వెలివేయబడినను ఆట నడుచునని ఆ పూట ఋజువైనది. ఇట్టి ప్రమాదకరమైన సత్యము జనసామాన్యమునకు పూర్తిగా తెలిసిపోకముందే, ఆ నెల 26వ తేదీన సస్పెన్షను ఎత్తివేసిరి.

తరువాత సెప్టెంబరు 2వ తేదీన అధ్యక్షుని ఎన్నిక. ఒకవైపు, భారత జట్టునకు ఏండ్లతరబడి నాయకత్వము వహించిన బైచుంగ్ భూటియా. మరొకవైపు, కలకత్తా పెద్ద క్లబ్బులకు గోలుకీపరుగా ఆడి, పిదప రాజకీయములలో ప్రవేశించిన కళ్యాణ్ చౌబే. ఓట్లు రాష్ట్ర సంఘములవి, ముప్పదినాలుగు. ఫలితము 33-1. ఆ సీజనులో ఇరువది జట్లు నెలరోజులపాటు చెమటోడ్చియు ఏ మైదానమునను సాధింపలేని స్కోరును, పెద్దలు చొక్కా నలుగకుండ ఒక గదిలో కూర్చుండి సాధించిరి. ఇందులో మనకు గర్వకారణమైన విశేషమొకటి కలదు. భూటియా నామినేషనును ప్రతిపాదించినది మన ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘము. బలపరచినది రాజస్థాన్ సంఘము. ప్రతిపాదించినవారొకరు, బలపరచినవారొకరు, వెరసి ఇద్దరు. పెట్టె తెరచి చూడగా ఓటు ఒక్కటి! రహస్య బ్యాలెట్టు గనుక ఆ ఒక్కటి ఎవరిదో అడుగుట మర్యాద కాదు. ఆ రెండవది దారిలో ఎచ్చట జారిపోయెనో వెదకుట అంతకంటెను మర్యాద కాదు. ఆ రోజుననే కోశాధికారి పదవికి మన ఆంధ్ర సంఘాధ్యక్షుడు పోటీచేయగా అదియు 32-1గా పరిణమించినది. ఒక్క ఓటును మాత్రము చెక్కుచెదరకుండ కాపాడుకొనుటలో మనకున్న నైపుణ్యము ఇట్లు ఒక్కనాడే రెండుమార్లు వెల్లడియైనది.

ఇక మైదానములోని తెలుగువారి మాట. హైదరాబాదు ఎఫ్.సి. అనునది ఆ సంవత్సరమే మార్చి 20న, గోవాలోని ఫతోర్డాలో, కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగును గెలిచిన జట్టు. ఆ రాత్రి గుంటూరులో టపాకాయ ఒక్కటి పేలిన చప్పుడు నేను వినలేదు. డ్యూరాండ్‌లో ఈ జట్టు సెమీఫైనలు దాక వచ్చి, బెంగుళూరు చేతిలో 1-0 తేడాతో ఓడినది. ఆ ఒక్క గోలును మన జట్టులోని స్పెయిన్ దేశపు డిఫెండరే పొరపాటున మన వలలోనికి పంపెను. ప్రత్యర్థికి శ్రమ యివ్వక స్వపక్షమువారే పని ముగించుట తెలుగునాట నూతనము కాదు గదా! అంత దూరదేశమునుండి వచ్చినవాడు మన సంప్రదాయమును ఇంత శీఘ్రముగా అలవరచుకొనుట చూచి నేను లోలోపల మురిసితిని.

ఒకప్పుడిట్లు లేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950లో డ్యూరాండ్ పోటీలు తిరిగి మొదలైనప్పుడు, మోహన్ బగాన్ అంతటిదానిని ఓడించి కప్పు నెత్తుకొనివచ్చినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. బొంబాయిలోని రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు ఏటేట, వరుసగా ఐదుసార్లు, మరియొకరికి దక్కనీయనిదియు ఆ జట్టే. వారికి విద్య గరపిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయనయే భారత జట్టును 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమునకును నడిపించి, మరుసటి యేడే కన్నుమూసెను. 1961లో ఆంధ్ర పోలీసు అను పేరుతో మనవారు మరల డ్యూరాండ్ గెలిచిరి. ఆ పోలీసు ఆటగాండ్ర పేర్లు చెప్పగలవారు నేడు మన రచ్చబండలపై ఎందరున్నారు? వారు చేసిన తప్పు ఒక్కటే: బ్రదికినన్నాళ్ళు కప్పులు గెలుచుటతోనే కాలము గడపిరి గాని, ఎవ్వరికిని ఒక్క కప్పైనను ఇచ్చిన పాపమున పోలేదు.

ఇక 2022 పోటీలకు మరల వచ్చినచో, సెప్టెంబరు 18న ఫైనలు. శివశక్తి నారాయణన్ 11వ నిమిషముననే బెంగుళూరునకు గోలు చేసెను. ముంబయి సిటీ పక్షమున అపుయా సరిచేసెను. రెండవ సగమున అలన్ కోస్టా మరియొకటి చేయగా బెంగుళూరు 2-1 తేడాతో గెలిచెను. ఆట ఇంతే. అసలు ఘట్టము తరువాత.

ఈ పోటీలో గెలిచినవారికి కప్పులు మూడు: డ్యూరాండ్ కప్పు, 1904లో సిమ్లావాసులు బహూకరించిన సిమ్లా ట్రోఫీ, రాష్ట్రపతి కప్పు. కప్పులు మూడైనప్పుడు దాతృహస్తములును అధికముగనే యుండవలెను. ఆ కొరత వేదికపై ఏమాత్రము కనబడలేదు. బెంగుళూరు నాయకుడు సునీల్ ఛెత్రి, అప్పటికి దేశము తరఫున 84 గోల్స్ చేసినవాడు, కప్పునందుకొనుటకు ముందుకు వచ్చెను. అప్పుడు, పశ్చిమ బెంగాల్ గవర్నరు బాధ్యతలను కూడ చూచుచుండిన లా. గణేశన్ గారు, కెమేరాలకును తమకును నడుమ ఈ ఆటగాడొకడు నిలిచియున్నాడని గమనించి, చేతితో ఆయనను ఒక ప్రక్కకు నెట్టిరి. ఆ దృశ్యమును సెల్‌ఫోనులలో దేశమంతయు చూచెను, చూచి మండిపడెను. నేను మాత్రము గవర్నరుగారి పక్షమున నిలువదలచితిని. తొంబది నిమిషములు ముంబయి డిఫెండర్లందరు ఏకమై ప్రయత్నించియు త్రోవనుండి తొలగింపలేని మనిషిని, శిక్షణ లేకుండ, బూట్లు లేకుండ, ఆ వయస్సున, ఒక్క చేతితో తొలగించుట సామాన్యమా? ఆ సాయంకాలమున జరిగిన అత్యుత్తమ డిఫెన్సు అదియే. రిఫరీ ఈల వేయలేదు గనుక నియమబద్ధము కూడ.

పైగా ఇందులో వింత మన జిల్లాలవారికి తోచదు. సంక్రాంతికో, శివరాత్రికో, ఊరి తిరునాళ్ళకో జరుగు ఎడ్ల బండలాగుడు పోటీలను చూడుడు. పాలపళ్ళ విభాగము, రెండుపళ్ళ విభాగము, ఆరుపళ్ళ విభాగము, సీనియర్స్ అని, పశువుల నోళ్ళు తెరచి పండ్లు లెక్కించి వర్గీకరించు శాస్త్రీయత ఏ ఫుట్‌బాల్ సమాఖ్యకును లేదు. ఒంగోలు గిత్తల జత, మెడలపై కాడి, వెనుక ఇనుపగొలుసు, గొలుసు చివర రాతిబండ. మైకులో వ్యాఖ్యాత అడుగుల లెక్క అరచుచుండగా, తోలెడివాడు గొంతు చించుకొని అదిలింపగా, గిత్తలు ముంగాళ్ళపై కూలబడి, మరల లేచి, నోటి నురుగు దుమ్ములో తీగలు సాగ, బరి కొసవరకు బండను ఈడ్చును. గంట మ్రోగును; అడుగులు కొలుతురు; గెలుపు తేలును. అంతవరకు షామియానా క్రింద చల్లని మజ్జిగ సేవించుచుండిన పెద్దలందరు అప్పుడు ఒక్కుమ్మడిగా దిగివచ్చి, తోలినవానిని వెనుకకు, బండకట్టినవానిని మరింత వెనుకకు పంపి, పలుపులు తామే పట్టుకొని నిలుతురు. మరునాటి జిల్లా పేజీలో ఆ ఛాయాచిత్రము వచ్చును: ఒంగోలు గిత్తయును తెల్లనిదే, ఇస్త్రీ ఖద్దరును తెల్లనిదే గనుక, ఎచ్చట గిత్త ముగిసి ఎచ్చట నాయకుడు మొదలయ్యెనో పోల్చుకొనుట కష్టము. కాని ఒక్క భేదమును ఒప్పుకొనవలెను. ఆ వేదికమీద గిత్తను మాత్రము ఎవ్వరును ప్రక్కకు నెట్టరు. కొమ్ములున్నవి గదా! ఛెత్రి 84 గోల్స్ చేసెను గాని, ఈ ముఖ్యమైన సాధనమును సమకూర్చుకొనక కలకత్తా పోయెను.

ఇట్టి రసాభాసములు మరల జరుగకుండుటకు నాయొద్ద ఉపాయమొకటి కలదు. నాకౌట్ పద్ధతిని మైదానమున ఆపి, వేదికపై ప్రవేశపెట్టవలెను. తొలి రౌండులో సర్పంచిగారు మాజీ సర్పంచిగారితోను, మండలాధ్యక్షుడు మార్కెట్ కమిటీ చైర్మనుతోను తలపడుదురు; శాలువ ముందు ఎవరి భుజముపై పడునో వారు క్వార్టరు ఫైనలునకు పోవుదురు. ఉపన్యాసములో స్థానిక శాసనసభ్యుని పేరు మరచినవారికి సెల్ఫ్ గోలు. మైకు వదలనివారికి మొదట పసుపు కార్డు, పిదప కరెంటు తీసివేయుట. చివరకు మిగిలినవారిద్దరికి పెనాల్టీలు: ఐదుగురు ఫోటోగ్రాఫర్లు, ఒక్కొక్కరికి ఒక్కొక్క క్లిక్కు, ఎక్కువ చిత్రములలో ముఖము కనబడినవారే విజేత. ఆ విజేతకే కప్పును ఇచ్చివేయవలెను. బంతి తన్నిన పిల్లలు ఈలోగా కాళ్ళు కడుగుకొని, ఆఖరి బస్సునందుకొని, అన్నమువేళకు ఇల్లు చేరుదురు.

మన హైదరాబాదు జట్టు సంగతి చెప్పి ముగించెదను. లీగు గెలిచిన ఆ జట్టే తరువాత జీతముల బకాయిలలోను, క్రొత్త ఆటగాండ్ర నమోదుపై నిషేధములలోను మునిగి తేలి, యాజమాన్యము మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకొనెను. ఈ వార్తను యార్డు మిత్రునకు చెప్పితిని.

“తెలివైనోళ్ళండీ. ఫోటో దిగాలంటే పెద్దమనుషులు దొరికేది అక్కడేగా” అనెను.

తెలుగువారికి చెప్పుకొనుటకు ఉన్న పెద్ద జట్టు అదియొక్కటియే గదా, మన వ్యాపారస్థులెవరైనను పూనుకొని నిలుపుకొనియుండవలసినదేమో అని నేను కొంత బరువుగా అంటిని.

“టీమంటే మనవల్ల కాదండీ. నెలనెలా జీతాలు, తిండి, బూట్లు, ఎక్కడ తేగలం? అది సరేగానీ,” అని ఆయన కుర్చీని నా దగ్గరకు జరుపుకొని, గొంతు తగ్గించి, “ఆ డ్యూరాండ్ గారి పోటీల్లో రెండో ప్రైజుకి దాత ఖాయమయ్యాడా? మా నాన్నగారి పేరు మీద ఇద్దామని” అనెను.