వెయ్యి గజాల వీరులు

అమెరికా పడమటి కొండల్లో తిరిగే ఎల్క్‌కు ఏటేటా చర్మం మందమవుతోందని నా అనుమానం. లేకపోతే ఈ తూటాల లెక్క తేలదు. 1906లో సైన్యం కోసం పుట్టిన .30-06 తూటాకు ఎల్క్ చచ్చింది. 1925లో వచ్చిన .270 వించెస్టర్‌కూ చచ్చింది. ఆ తర్వాత ఏమైందో గానీ, 1963 నాటికి ఆ రెండూ చాలక .300 వించెస్టర్ మాగ్నం కావలసి వచ్చింది. అది కూడా పాతబడి 2015లో 28 నోస్లర్, 2018లో 6.5 పీఆర్‌సీ, 2021లో 6.8 వెస్టర్న్, 2022లో 7ఎంఎం పీఆర్‌సీ, 2025లో 7ఎంఎం బ్యాక్‌కంట్రీ దిగాయి. వచ్చిన ప్రతిదీ ఎల్క్‌కు ఇన్నాళ్లకు సరైన మందు దొరికిందన్న చాటింపుతోనే వచ్చింది. ఒక జంతువు వందేళ్లలో ఇంత మొండికెత్తడం జీవశాస్త్రజ్ఞుల కంట పడలేదు. తూటా కంపెనీల ప్రకటనలు రాసేవాళ్ల కంట పడింది.

ఎల్క్ అంటే మన కణితికి చుట్టమయ్యే జింక. మగది మూడు వందల కిలోలు దాటుతుంది. ఒక్క కొలరాడోలోనే రెండున్నర లక్షలకు పైగా ఉన్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. అయినా అక్కడ లైసెన్సు తీసుకుని కొండెక్కినవాళ్లలో సుమారు ఐదుగురికి ఒక్కరే మాంసంతో దిగుతారు. మిగతా నలుగురిలో నడవలేకపోయామని ఒప్పుకునేవాడు కనబడడు. తెల్లారకముందే లేవలేకపోయామనీ, గాలివాటం చూసుకోకుండా ఎదురెళ్లి మంద మొత్తాన్ని అదరగొట్టామనీ చెప్పేవాడు అంతకన్నా కనబడడు. రైఫిల్ చాల్లేదంటారు. ఆరు వందల గజాల అవతల వాలు మీద పెద్ద కొమ్ముల మగది నిలబడిందట, చేతిలో ఉన్నది పాత .30-06 అట, ఏం చేస్తాం అని నిట్టూరుస్తారు. అవతలి వాలుకు నడిచి వెళ్లొచ్చు కదా అంటే మనల్ని అదోలా చూస్తారు.

ఆ చలికాలమే కొత్త రైఫిల్‌కు శంకుస్థాపన. తుపాకీ కొనుక్కోవడం పాతకాలపు మనుషుల పని. నేటి వీరుడు కట్టించుకుంటాడు, మనవాళ్లు ఇల్లు కట్టించుకున్నట్టు. టైటానియం యాక్షన్ ఒకచోట, కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ ఒకచోట, స్టాక్ మరోచోట, ట్రిగ్గర్ ఇంకోచోట. అన్నిటినీ కూర్చిపెట్టే గన్‌స్మిత్ దగ్గర నెలల తరబడి వరుస. బ్యారెల్ 22 అంగుళాలుండాలా 26 ఉండాలా అన్నది తూర్పు గుమ్మమా ఉత్తరం గుమ్మమా అన్నంత పట్టింపుతో తేలాలి. గొట్టం లోపలి మెలిక ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టా, తొమ్మిదికా? ట్రిగ్గర్ రెండు పౌన్లకు తెగాలా, రెండున్నరకా? గృహప్రవేశం నాటికి ఖర్చు పది వేల డాలర్లు దాటినా అదేం వింత కాదు. ఇంట్లో ఆవిడకు చెప్పే అంకె వేరే ఉంటుంది.

ఇందులో బరువు సంగతి చూడాలి, ముచ్చటేస్తుంది. కొండలో మోయాలి కదా అని బోల్టుకు గాడులు కోయిస్తారు, పిడికి చిల్లులు పెట్టిస్తారు, మరల దగ్గర కూడా గ్రాములు గీకుతారు. ఆ తర్వాత పైన కిలో బరువున్న స్కోప్ బిగిస్తారు. కింద రెండుకాళ్ల ఊతం, సంచిలో మూడుకాళ్ల స్టాండు, మెడలో దూరం కొలిచే లేజరు బైనాక్యులర్, జేబులో గాలిమీటరు, వాటన్నిటికీ విడి బ్యాటరీలు. ఐడహో రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకు స్కోపూ పట్టీతో సహా 16 పౌన్లు, అంటే ఏడుంపావు కిలోలు మించిన రైఫిల్ పనికిరాదని నిబంధనే ఉంది. ఈ పిచ్చి ఎందాకా పోతుందో అక్కడివాళ్లు ముందే పసిగట్టారు. బోల్టు మీద ముప్పై గ్రాములు తగ్గించుకున్న పెద్దమనిషి నడుం చుట్టూ ఉన్న పది కిలోల జోలికి మాత్రం ఏ గన్‌స్మితూ పోడు.

తేలిక రైఫిల్‌లో మాగ్నం తూటా పెడితే భుజం మీద గాడిద తన్నులే. తన్ను తగ్గించడానికి గొట్టం మూతికి మజిల్ బ్రేక్. దాని మోతకు పక్కనున్న గైడు చెవులు గింగురుమంటాయి గనక బ్రేక్ తీసేసి సప్రెసర్. సప్రెసర్‌తో తుపాకీ పొడవెక్కి కొమ్మలకు తగులుతుంది గనక బ్యారెల్ కురచ. బ్యారెల్ కురచైతే వేగం పడిపోతుంది గనక ఇంకా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా. 2025 నాటి బ్యాక్‌కంట్రీ పుట్టింది ఈ మలుపులోనే: ఇత్తడి తట్టుకోలేదని ఉక్కు మిశ్రమంతో తొడుగు చేసి, చదరపు అంగుళానికి 80,000 పౌన్ల ఒత్తిడి దాకా తెచ్చారు. ఒక మందు వల్ల వచ్చిన రోగానికి ఇంకో మందు రాస్తూ పోయి, చివరికి వైద్యం బ్రహ్మాండంగా ఉందని చప్పట్లు కొట్టుకున్నారు. మొదటి రోగం, అంటే దగ్గరికి నడవలేకపోవడం, అలాగే ఉంది.

వీళ్ల శాస్త్రంలో ఒక పవిత్ర సంఖ్య ఉంది: 1,500 అడుగు-పౌన్లు. గుండు తగిలేచోట అంత శక్తి మిగలకపోతే ఎల్క్ చావదట. 1,510 ఉంటే పడిపోతుంది, 1,490 ఉంటే తోక ఊపుకుంటూ వెళ్లిపోతుంది కాబోలు. కొలరాడో చట్టం ఇంత నాజూకు కాదు. గొట్టం లోపలి వెడల్పు .24 అంగుళాలకు తగ్గకూడదు, ఎల్క్ మీదికైతే విచ్చుకునే గుండు కనీసం 85 గ్రెయిన్లుండాలి, వంద గజాల దగ్గర 1,000 అడుగు-పౌన్ల శక్తి ఉండాలి; అంతే. చట్టం వంద గజాల దగ్గర కొలిచింది చూశారా, వెయ్యి దగ్గర కాదు.

శక్తి కాగితం మీద ఉంటుంది, చంపేది గుండు. జాన్ నోస్లర్ అనే ఆయనకు ఇది 1946లో తెలిసొచ్చింది. బ్రిటిష్ కొలంబియాలో ఒంటినిండా బురద పట్టిన మూస్ మీద .300 మాగ్నంతో కాల్చితే, గుళ్లు పైపైనే పగిలిపోయి లోతుకు దిగలేదు. ఆయన ఇంకా పెద్ద తూటా కోసం కేకలు వేయలేదు. ఇంటికెళ్లి గుండునే మార్చాడు: మధ్యలో అడ్డుగోడ, ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చొచ్చుకుపోతుంది. పార్టిషన్ పేరుతో అది నేటికీ అమ్ముడవుతోంది. అందులోని గమ్మత్తు మన వీరులకు పనికిరాదు, ఎందుకంటే విచ్చుకోవడానికి వేగం కావాలి. సెకనుకు 1,800 అడుగులకు అటూఇటూ పడిపోయాక చాలా వేటగుళ్లు సరిగ్గా విచ్చుకోవు. సన్నని చిల్లు పెట్టి అవతలికి పోతాయి. దూరం పెరిగేకొద్దీ తగ్గిపోయేది సరిగ్గా ఆ వేగమే.

ఈ తగవు కొత్తదేం కాదు. జాక్ ఓకానర్, ఎల్మర్ కీత్ అని ఇద్దరు పెద్దరాతగాళ్లుండేవారు, ఇద్దరూ ఐడహోవాళ్లే. ఒకరిది లూయిస్టన్, మరొకరిది సామన్. ఓకానర్ జీవితమంతా .270ను మోశాడు. ఎల్క్‌కు అది చాలదు, లావుపాటి బరువు గుండే కావాలని కీత్. ఏళ్ల తరబడి పత్రికల్లో ఒకరినొకరు ఉతుక్కున్నారు. ఓకానర్ భార్య ఎలినార్ మాత్రం ఈ గోలలో పడకుండా 7x57 మౌజర్ పట్టుకుని వేటాడింది. 1892 నాటి తూటా అది. నిన్నమొన్నటి 7ఎంఎం పీఆర్‌సీ విసిరేదీ అదే లావు గుండును. కీత్, ఓకానర్ ఇద్దరూ చచ్చిన జంతువును కోసి, గుండు ఎటు దూరి ఎటు తేలిందో చూసి కొట్లాడుకున్నవాళ్లు. ఇప్పటి వాదన కోత కోయకముందే, తుపాకీ పేలకముందే, దశాంశ బిందువుకు కుడివైపున జరిగిపోతోంది.

ఇక గాలి. ఇక్కడే కథంతా ఉంది. మంచి వేగమున్న గుండుకు కూడా వెయ్యి గజాలు పోవడానికి సెకనుకు పైగా పడుతుంది. మేసే ఎల్క్ ఒక అడుగు ముందుకేయడానికి అంతసేపు చాలు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఊపిరితిత్తుల మీదున్న గురి, గుండు చేరేసరికి పొట్ట మీద ఉంటుంది. పైగా గంటకు పది మైళ్ల అడ్డగాలి ఆ గుండును సముద్రమట్టం దగ్గరైతే నాలుగడుగులకు పైగా పక్కకు నెడుతుంది. కొండ మీద గాలి పలచన గనక మూడడుగులనుకుందాం, వీరులకు ఆ రాయితీ ఇద్దాం. ఫోన్‌లోని యాప్ ఆ మూడడుగులూ లెక్కగట్టి ఇస్తుంది, నిజమే. గాలి ఎంతో దానికి చెప్పాల్సింది మాత్రం వీరుడే. చేతిలోని మీటరు తన ముక్కు ముందరి గాలిని కొలుస్తుంది. మధ్యలో లోయ ఉంది, లోయలోంచి పైకి లేచే గాలి వేరు. అవతలి గట్టు మీద వీచేది మరో దిక్కుకు. అన్నీ కలిపి మూడు మైళ్లు తప్పు అంచనా వేశాడంటే గుండు దాదాపు అడుగు జరుగుతుంది. ఎల్క్ ఆయువుపట్టు అడ్డంగా కొలిస్తే అడుగున్నర. నడిమికి గురిపెడితే అటు ముప్పాతిక అడుగు, ఇటు ముప్పాతిక అడుగు. తక్కిన లెక్క మూడో తరగతి పిల్లవాడికి వదిలేద్దాం.

వీరుడు దీనికి బల్ల మీద జవాబిస్తాడు. ఇదిగో కాగితం, వంద గజాల దగ్గర మూడు గుళ్లు అరంగుళంలో పడ్డాయి అంటాడు. పడ్డాయి. కాంక్రీటు బల్ల, ఇసుక సంచి, సీసా మంచినీళ్లు, ఎండలో రేకు నీడ. కొండ మీద పది వేల అడుగుల ఎత్తున ఆయాసంతో గుండె డోలు వాయిస్తుంటే, వేళ్లు చలికి కొంకర్లు పోతుంటే, బండరాయి మీద బోర్లా పడుకుని ఆ అరంగుళం తెమ్మనండి. కూర్చుని, మోకాలి ఊతంతో రెండు వందల గజాల దగ్గర భోజనం పళ్లెమంత గురిని వరుసగా కొట్టలేనివాడు వెయ్యి గజాల గురించి మాట్లాడటం ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిన వైనమే.

కాల్చాక ఏమవుతుందో ఎవరూ వివరంగా చెప్పరు. కిలోమీటరు అవతల ఎల్క్ ఉలిక్కిపడి చెట్లలోకి పోతుంది. తగిలిందా లేదా తెలియదు. లోయ దిగి మళ్లీ ఎక్కి అక్కడికి చేరడానికి గంటా రెండు గంటలు. ఇంతదూరం నుంచి చూసిన చెట్టు దగ్గరికెళ్తే అలాంటి చెట్లు నలభై. నెత్తుటి చుక్క దొరక్కపోతే తప్పిపోయిందని తేల్చేసి, తిరిగొచ్చి స్కోప్ సరిచేసుకుంటారు. పొట్టలో గుండు దిగిన జంతువు రెండు గట్ల అవతల ఎక్కడో పడుకుని ఆ రాత్రంతా తీసుకుని చస్తుంది. అది ఎవరి లెక్కలోనూ ఉండదు, ఎందుకంటే 'తప్పిపోయినవాటికి' లైసెన్సు చీటీ కట్టక్కర్లేదు.

థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ఈ విషయంలో మొహమాటపడలేదు. ఇన్ని గజాలని గీత గీయకుండా ఉద్దేశం మీద పడింది: జంతువుకు ఎదురుపడే తెగింపు ఏమీ లేకుండా, సామాను సత్తా చూసుకోవడానికి ప్రాణమున్న గురి మీద కాల్చేదాన్ని వేట అనొద్దని తన అభిప్రాయం ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకు మోసుకెళ్లిన వించెస్టర్ .405నే అప్పటి మన చిత్తూరు జిల్లా మామండూరు అడవుల్లో పులుల వెంట తిరిగిన కెనెత్ ఆండర్సన్ కూడా వాడాడు. ఆ లావు మొద్దు గుండుతో మూడు వందల గజాలు కూడా ఎక్కువే. ఆండర్సన్ కథల నిండా నడకే, చెట్టెక్కి రాత్రంతా దోమలతో కూర్చోవడమే. తుపాకీ గురించి ఒక వాక్యం, మహా అయితే రెండు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర ఆ అధ్యాయం మూతపడింది, మంచిదే. లేకపోతే ఈపాటికి నల్లమలలో ఏ గట్టు మీది నుంచి ఏ గట్టు మీదికి ఏ తూటా అని మనవాళ్లూ తగువులాడుకుంటూ ఉండేవాళ్లు.

విల్లంబులవాళ్లు నలభై గజాల నుంచే జంతువుల్ని గాయపరచడం లేదా అని వీరులు ఎదురు ప్రశ్న వేస్తారు. గాయపరుస్తారు. ఒకడు ఇంట్లో దొంగతనం చేశాడని ఇంకొకడికి బ్యాంకు తాళాలు ఇస్తామా? ఇనుప పలకల మీద ఏడాది పొడుగునా వేల గుళ్లు కాల్చి గాలి చదవడం నేర్చుకున్న పోటీ షూటర్లు వేరే ఉన్నారు. గాలి ఎంత గడుసుదో వాళ్లకు తెలుసు గనక ఈ రాత వాళ్లకు తగలదు.

అయినా నేను కొత్త తూటాలకు అడ్డం పడను. అమెరికాలో 1937 నుంచి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ఉంది. రైఫిళ్ల మీదా తూటాల మీదా తయారీదారు దగ్గరే 11 శాతం పన్ను వసూలు చేసి, ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. 1900 ప్రాంతంలో ఉత్తర అమెరికాలో లక్ష లోపుకు దిగజారిన ఎల్క్ ఇప్పుడు పది లక్షలకు చేరాయంటే అందులో ఈ పన్నుకూ వాటా ఉంది. కాబట్టి కొనండి బాబూ. పీఆర్‌సీ కొనండి, బ్యాక్‌కంట్రీ కొనండి, వచ్చే జనవరిలో దిగబోయేదానికి ఇప్పుడే అడ్వాన్సు కట్టండి. ఇనుప పలక మీద వెయ్యి గజాల నుంచి తనివితీరా కాల్చుకోండి, దానికి పొట్టా పేగులూ ఉండవు. అక్టోబరులో కొండకు బయల్దేరేటప్పుడు మాత్రం తాతగారి .30-06 తీసుకుని, పాదాలకు సరిపోయే గట్టి బూట్లు ఒక జత కొనుక్కోండి. ఎల్క్‌లు నొచ్చుకుంటాయేమో, బూట్ల మీద ఆ 11 శాతం పన్ను లేదు.